మలక్కాలో మూడున్నర గంటలు



పోయినేడు స్టడీ టూర్ అయ్యాక జరిగిన పీటీఎంలో ఒక నాన్నగారు నా టేబుల్ ముందు కూర్చుని, మార్కుల షీటు పక్కన పెట్టేశారు. "మేడమ్, ఫొటోలన్నీ చూశాం, బావున్నాయి. మావాడు అక్కడ ఏం నేర్చుకున్నాడో ఒక్కటి చెప్పండి" అన్నారు. కోపంగా అడగలేదు. టూర్ ఫీజు వాయిదాల్లో కట్టిన మనిషి, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నేను ఎక్స్‌పోజర్ అన్నాను, ఇండిపెండెన్స్ అన్నాను, కమ్యూనికేషన్ స్కిల్స్ అన్నాను. ఆయన తలూపి లేచారు. ఇంటికి వెళ్లాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే నా దగ్గర జవాబు లేదు.

ఈ ఏడాది డిసెంబరులో మళ్లీ అదే టూర్‌కు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో వెళ్లొచ్చాను. ఆ నాన్నగారికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు ఇది. మొత్తం టూర్ గురించి కాదు, ఒక్క ఊరి గురించే రాస్తున్నాను. టూర్‌కు పంపిన వాళ్లూ, పంపలేకపోయిన వాళ్లూ ఇద్దరూ చదవాలని నా కోరిక.

కౌలాలంపూర్ నుంచి సింగపూర్ వెళ్లే దారిలో, బస్సులో సుమారు రెండు గంటలు ప్రయాణం చేస్తే వచ్చే సముద్రతీరపు ఊరు మలక్కా. అక్కడి వాళ్లు మెలక అంటారు. 2008లో యునెస్కో దీన్నీ, పినాంగ్‌లోని జార్జ్ టౌన్‌నూ కలిపి ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మన ఐటినరీలో దీనికి దొరికింది మూడున్నర గంటలు, భోజనంతో కలిపి. థీమ్ పార్కుకు మాత్రం ఒక రోజంతా ఉంది. థీమ్ పార్కు వద్దని నేను అనను, పిల్లలతో పాటు నేనూ రోలర్ కోస్టర్ ఎక్కాను. కానీ ఆ రోజులోంచి ఒక పూట తీసి మలక్కాకు ఇస్తే బావుంటుందని నా అభిప్రాయం. వచ్చే ఏడాది ప్లానింగ్ మీటింగ్‌లో కూడా ఇదే చెబుతాను.

మొదటిసారి వెళ్లినప్పుడు ఆ మూడున్నర గంటలూ నేను తలలు లెక్కపెడుతూనే గడిపాను. ఎర్ర భవనాల ముందు గ్రూప్ ఫొటో, కోట ద్వారం ముందు గ్రూప్ ఫొటో, జోంకర్ స్ట్రీట్‌లో కీచైన్లు, బస్సు. ఒక పిల్లవాడు "ఈ ఇల్లన్నీ ఎర్రగా ఎందుకున్నాయి మేడమ్?" అని అడిగితే "డచ్ వాళ్లు అలా కట్టారు నాన్నా" అనేశాను. పక్కనే ఉన్న గైడ్ మెల్లగా సరిచేశాడు. డచ్ వాళ్ల కాలంలో అవి తెల్లగా ఉండేవట, ఎరుపు బ్రిటిష్ వాళ్ల కాలంలో వచ్చిన రంగు. సోషల్ టీచర్‌ని, బీఈడీలో లెసన్ ప్లాన్లు రాసి రాసి చేతులు నొప్పెట్టిన మనిషిని. ఇంత డబ్బు ఖర్చుపెట్టి తీసుకొచ్చిన ఊరి గురించి ముందు రోజు రాత్రి కూడా చదవలేదు. ఆ తప్పు నాదే.

అందుకని ఈసారి టూర్‌కు నెల ముందు నుంచే వారానికి ఒక పీరియడ్ మలక్కాకు కేటాయించాను. వెళ్లే వాళ్లకు మాత్రమే కాదు, క్లాసు మొత్తానికి. సగం మంది కంటే ఎక్కువ టూర్‌కు రావడం లేదు. వాళ్లను లైబ్రరీకి పంపి మిగతా వాళ్లకు పాఠం చెప్పడం నాకు మనసొప్పలేదు.

బందరు లడ్డు ఎందుకు గుర్తొచ్చింది?

బస్సు ఊళ్లోకి వెళ్తుంటే ఒక అబ్బాయి కిటికీలోంచి రోడ్డు బోర్డు చదివి, "మేడమ్, బందర్ హిలిర్ అట! బందరు లడ్డు దొరుకుతుందా?" అని అరిచాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆ రోజు జరిగిన మంచి పాఠం అక్కడే మొదలైంది.

బందర్ అంటే పారసీకంలో రేవు. ఆ మాట ఓడలతో పాటే ఇటు మన మచిలీపట్నానికీ వచ్చింది, అటు మలయ్ భాషలోకీ వెళ్లింది. ఇప్పుడు మలయ్‌లో బందర్ అంటే పట్టణం. పాత మలక్కాలో రేవు పనులు చూసే అధికారిని షాబందర్ అనేవారు. ఒకరు కాదు, నలుగురు. గుజరాతీలకు ఒకరు. మన కోరమాండల్ తీరం, బెంగాల్, బర్మాలోని పెగూ వైపు నుంచి వచ్చేవాళ్లకు ఒకరు. జావా, మసాలా దీవుల వాళ్లకు ఒకరు. చైనా వైపు వాళ్లకు ఒకరు. సరుకు తూకం, సుంకం, తగాదా, గిడ్డంగి, ఏం కావాలన్నా మీ భాష తెలిసిన అధికారి దగ్గరికే వెళ్లొచ్చన్నమాట. 1512 నుంచి 1515 వరకు ఇక్కడ ఉన్న టోమే పిరెష్ అనే పోర్చుగీసు మందుల వ్యాపారి, ఈ రేవులో 84 భాషలు వినిపిస్తాయని రాశాడు.

అంతమంది అక్కడే ఎందుకు చేరారు? పటం తీసి చూడండి. మలయా ద్వీపకల్పానికీ సుమత్రాకూ మధ్య ఇరుకైన జలసంధి, దాని ఒడ్డున ఈ ఊరు. ఇంజన్లు లేని రోజుల్లో ఓడకు గాలే డ్రైవరు. మన వైపు నుంచి తూర్పుకు వెళ్లడానికి నైరుతి గాలి కావాలి, తిరిగి రావడానికి ఈశాన్య గాలి కావాలి. చైనా ఓడలకు సరిగ్గా తలకిందులు, ఈశాన్య గాలి మీద వచ్చి నైరుతి గాలి మీద వెళ్లిపోవాలి. మన పిల్లలు రుతుపవనాలను వానల పాఠంగా, అయిదు మార్కుల ప్రశ్నగా చదువుతారు. ఇక్కడ అవే ఓడల టైమ్‌టేబుల్. గాలి మారేదాకా నెలల తరబడి ఊళ్లోనే ఉండాలి.

"అన్ని నెలలు ఏం చేసేవాళ్లు మేడమ్?" అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. మలక్కాలో చూడాల్సినవన్నీ దాదాపు ఆ ప్రశ్నకు జవాబులే. సరుకు దాచుకోవడానికి గిడ్డంగులు కట్టుకున్నారు, మొక్కుకోవడానికి గుళ్లూ మసీదులూ కట్టుకున్నారు, అక్కడి అమ్మాయిలను పెళ్లి చేసుకున్నారు, ఒకరి వంట ఒకరు నేర్చుకున్నారు.

ఊరి పేరు వెనక కథ కూడా పిల్లలకు బాగా నచ్చింది. 1400 ప్రాంతంలో పరమేశ్వర అనే రాజకుమారుడు రాజ్యం పోగొట్టుకుని తిరుగుతూ ఇక్కడ ఒక చెట్టు కింద ఆగాడట. కుందేలంత ఉండే ఒక బుల్లి జింక, ఇంగ్లీషులో మౌస్ డీర్ అంటారు, ఆయన వేటకుక్కను తన్ని నీళ్లలో పడేసిందట. బలహీనమైన జంతువుకే ఇంత ధైర్యం ఉన్న నేల అని అక్కడే ఊరు కట్టాడు, ఆ చెట్టు పేరే పెట్టాడు. మెలక చెట్టు అంటే మన ఉసిరి చెట్టే, సంస్కృతంలో ఆమలకం. కథ వినగానే తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు "ఇది హంపీ కథ కదా మేడమ్, అక్కడ కుందేలు కదా కుక్కల్ని తరిమింది" అన్నాడు. నిజమే. హరిహర రాయలు, బుక్కరాయల గురించి మనం చెప్పుకునే కథే అది. రాజధాని కట్టినవాళ్లు ఇలాంటి కథ ఎందుకు చెప్పుకుంటారు అన్న దాని మీద బస్సులోనే పావుగంట వాదన జరిగింది. నేను మధ్యలో దూరలేదు.

సముద్రం లేని కోట

ఇక చూసిన వాటి సంగతి. డచ్ స్క్వేర్‌లో ఎర్రటి స్టాట్‌హౌస్, 1650 నాటిది, డచ్ గవర్నర్ల కార్యాలయం. పక్కన క్రైస్ట్ చర్చి, 1753లో పూర్తయింది. వాటి ముందు బొమ్మలూ పూలూ లైట్లూ తగిలించి, పెద్ద సౌండుతో పాటలు పెట్టుకుని తిరిగే సైకిల్ రిక్షాలు. పిల్లల కళ్లు సహజంగానే రిక్షాల మీదే ఉంటాయి. పది నిమిషాలు వదిలేశాను.

తర్వాత కొండ కిందున్న కోట ద్వారం దగ్గరికి వెళ్లాం. 1511లో పోర్చుగీసు సేనాని ఆల్ఫాన్సో డి అల్బుకర్క్ మలక్కాను పట్టుకుని ఎ ఫామోసా అనే కోట కట్టించాడు. సుల్తాను పారిపోయాడు. దోచిన సొమ్ముతో బయల్దేరిన ఫ్లోర్ డి లా మార్ అనే ఓడ ఆ ఏడాదే సుమత్రా తీరంలో మునిగిపోయింది. 1641లో డచ్ వాళ్లు నెలల తరబడి ముట్టడించి ఊరిని గెలుచుకున్నారు. ఇప్పుడు మిగిలిన ఆ ఒక్క ద్వారం పేరు పోర్టా డి శాంటియాగో. కట్టింది పోర్చుగీసు వాళ్లు, కానీ పైన చెక్కి ఉన్నది డచ్ కంపెనీ గుర్తు, 1670 అనే సంవత్సరం. పిల్లలకు నేనిచ్చిన మొదటి పని అదే: ద్వారం పైకి చూసి, ఇది ఎవరిదో చెప్పండి. సగం మంది పోర్చుగీసు అన్నారు, సగం మంది డచ్ అన్నారు. రెండు జట్లూ కరెక్టే.

రెండో ప్రశ్న, కోట సముద్రం ఒడ్డున కట్టారని చదివాం కదా, సముద్రమేది? చుట్టూ చూశారు. రోడ్డు, షాపింగ్ మాల్, కార్లు. సముద్రం కనిపించదు. మట్టి పోసి పోసి తీరాన్ని ముందుకు జరిపేశారు. అప్పట్లో ఓడలు ఆగిన వైపు ఇప్పుడు మాల్ పార్కింగ్ ఉందని తెలిసి పిల్లలు ఆశ్చర్యపోయారు.

మరి కోట మిగతా భాగం ఏమైంది? ఇది పుస్తకాల్లో అంతగా రాని కథ. ఐరోపాలో ఫ్రాన్స్ సైన్యం హాలండ్‌ను ఆక్రమించినప్పుడు, 1795లో బ్రిటిష్ వాళ్లు మలక్కాను తమ చేతుల్లోకి తీసుకున్నారు. ఎప్పటికైనా తిరిగి ఇచ్చేయాల్సి వస్తే గట్టి కోటను అప్పగించడం దేనికని 1807లో మందు పెట్టి పేల్చడం మొదలుపెట్టారు. ఆ పేలుళ్లను చూసిన ఒక చిన్నపిల్లాడు పెద్దయ్యాక వాటి గురించి మలయ్‌లో రాశాడు. ఆయన పేరు అబ్దుల్లా. తమిళ, అరబ్ మూలాలున్న కుటుంబం. కోటలో ఉన్న భారతీయ సిపాయిలకు మలయ్ భాష నేర్పేవాడు కాబట్టి మున్షీ అబ్దుల్లా అయ్యాడు. మున్షీ అంటే టీచరు. ఆ మాట చెప్పేటప్పుడు నాకు కొంచెం గర్వంగా అనిపించిందని ఒప్పుకుంటాను.

కొండ మెట్లెక్కితే సెయింట్ పాల్స్ చర్చి. 1521లో మొదలైన కట్టడం, ఇప్పుడు పైకప్పు లేదు. సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయాన్ని గోవాకు తీసుకెళ్లే ముందు 1553లో కొన్ని నెలలు ఇక్కడే ఉంచారు. లోపల గోడలకు ఆనించి నిలువెత్తు సమాధి రాళ్లు నిలబెట్టి ఉంటాయి. వాటి మీద ఓడలు, కవచాలు, వంశాల గుర్తులు, పాత డచ్ అక్షరాలు. ఒక్కొక్కరు ఒక్కో రాయి ఎంచుకుని, ముట్టుకోకుండా, చూసి బొమ్మ గీసుకోమన్నాను. ఫోన్లు నా బ్యాగులో పెట్టేశాను. మొదటి అయిదు నిమిషాలు సణిగారు. తర్వాత నిశ్శబ్దం. ఇరవై నిమిషాల పాటు ముప్పై ఎనిమిది మంది పిల్లలు నేలమీద కూర్చుని రాళ్లకేసి చూస్తూ బొమ్మలు గీశారు. మన స్కూల్లో పరీక్ష హాల్లో తప్ప అంత నిశ్శబ్దం నేను వినలేదు.

వయసు అనే మాటా, సంవత్సరం అనే మాటా డచ్‌లో ఎలా ఉంటాయో ముందే బోర్డు మీద నేర్పాను కాబట్టి లెక్కలు మొదలయ్యాయి. ఒక అమ్మాయి నా దగ్గరికొచ్చి, "మేడమ్, ఈవిడ మీ వయసులో చనిపోయింది" అంది. ఇంత దూరం ఎందుకొచ్చారు, ఏ జబ్బుతో పోయారు, ఇంటికి ఎవరు ఉత్తరం రాశారు అని తనే వరసగా అడుక్కుంటూ పోయింది. బొమ్మ పక్కన ఆ ప్రశ్నలన్నీ రాసుకోమన్నాను.

ఒక అమ్మగారి ఫోను

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. మలక్కా లాంటి రేవుల్లో గుడ్డలూ లవంగాలూ మాత్రమే కాదు, మనుషులూ సరుకే. మన కోరమాండల్ తీరంలో కరువులు వచ్చినప్పుడు డచ్ కంపెనీ తిండి లేని మనుషులను బానిసలుగా కొని ఓడల్లో తూర్పు రేవులకు, ముఖ్యంగా బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు తరలించింది. ఈ సంగతి పిల్లలకు చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఆ ఎర్ర భవనాల ముందు నిలబడి "ఎంత అందంగా ఉన్నాయో" అని మాత్రమే చెప్పి తీసుకురావడం సరికాదనిపించి, చెప్పాను. బొమ్మలు గీసిన తర్వాత, అదే కొండ మీద, రెండు మూడు వాక్యాల్లో.

తిరిగొచ్చిన వారం ఒక అమ్మగారు ఫోన్ చేశారు. "సరదాగా పంపించాం మేడమ్, పాప రాత్రి పడుకోకుండా కరువులో అమ్ముకున్న పిల్లల గురించి అడుగుతోంది. ఇవన్నీ ఈ వయసులో అవసరమా?" అన్నారు. ఆవిడ బాధ నాకు అర్థమైంది. నేను ఆవిడతో వాదించలేదు. పాప ఏం అడిగిందో చెప్పమన్నాను. "వాళ్లు తెలుగులో మాట్లాడుకునేవాళ్లా అని అడిగింది" అన్నారు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆవిడే, "మా నాయనమ్మ కరువు రోజుల సంగతులు చెప్పేది, పాపకు అవి చెప్తాలెండి" అన్నారు. ఇలాంటి విషయంలో మీ ఇంటి అభిప్రాయం వేరుగా ఉంటే టూర్‌కు ముందే నాకు చెప్పండి. పిల్లల వయసును బట్టి ఎంత చెప్పాలో మీతో కలిసి నిర్ణయించుకోవడం నాకూ మంచిదే.

ఒకే వీధిలో

నది దాటి అవతలి పక్కకు వెళ్తే పాత వ్యాపారుల ఇళ్లు. ముఖం ఇరుకు, లోపలికి పొడుగు. ఒక వీధిలో నడుచుకుంటూ వెళ్తే కొద్ది అడుగుల దూరంలోనే మూడు ప్రార్థనా స్థలాలు వస్తాయి. 1781 నాటి వినాయకుడి గుడి, డచ్ వాళ్లు ఇచ్చిన స్థలంలో చెట్టి వర్తకులు కట్టుకున్నది. 1748లో మొదలైన కంపుంగ్ క్లింగ్ మసీదు. 17వ శతాబ్దపు చెంగ్ హూన్ టెంగ్ అనే చైనా గుడి. మసీదుకు గుమ్మటం ఉండదు. మూడంతస్తుల వాలు కప్పు, పగోడాలాంటి మినార్, లోపల కొరింథియన్ పద్ధతి స్తంభాలు. ఎవరి పనివాళ్లు ఎవరి దగ్గర నేర్చుకున్నారో కళ్లకే కనిపిస్తుంది.

ఆ మసీదు పేరులోని క్లింగ్ అనే మాట కళింగ నుంచి వచ్చింది. శ్రీకాకుళం ముఖలింగం ఒకప్పుడు కళింగ రాజుల రాజధాని కదా, ఆ కళింగే. తూర్పు తీరం నుంచి వెళ్లిన వాళ్లందరినీ అక్కడ ఆ పేరుతో పిలిచేవారు. పిల్లలు ఛాతీ విరుచుకున్నారు. కానీ వెంటనే ఇంకో సంగతి కూడా చెప్పాను: ఇప్పుడు మలేషియాలో కెలింగ్ అనేది భారతీయులను కించపరిచే మాట. పాత పేరుగా మసీదుకు మిగిలిందే తప్ప, మనిషిని ఉద్దేశించి అనకూడదు. ఒక మాట గౌరవం నుంచి తిట్టుగా ఎలా మారుతుందో మన ఊళ్లలోనే ఉదాహరణలు వెతకమని హోంవర్క్ ఇచ్చాను. వాళ్లు తెచ్చిన జాబితా ఇక్కడ రాయలేను గానీ, పెద్దవాళ్లం మనం ఇంట్లో ఏం మాట్లాడతామో పిల్లలు బాగానే వింటున్నారని తెలిసింది.

గుడి కట్టిన చెట్టి వర్తకుల వారసులు ఇప్పటికీ మలక్కాలో ఉన్నారు. మూలం తమిళ వ్యాపారులు, అక్కడి స్త్రీలను పెళ్లాడారు. పేర్లూ పూజలూ మనవైపువి, ఇంట్లో మాట్లాడేది మలయ్. వాళ్ల వాడకు వెళ్లడానికి మాకు టైమ్ లేదు. పోర్చుగీసు వారసుల కాలనీకీ వెళ్లలేదు. అందుకే ఒక పూట ఎక్కువ కావాలంటున్నాను.

నాకు బాగా నచ్చిన యాక్టివిటీ మాటల వేట. బోర్డుల మీదా, గైడ్ మాటల్లోనూ తెలిసిన మాట ఎక్కడ దొరికినా రాసుకోవాలి. భాషకు బహాస, భూమికి బూమి, తలకు కెపాల, అంటే మన కపాలం. ప్రధానమంత్రికి పెర్దానా మెంతెరి. భర్తకు సువామి అని తెలిసి ఆడపిల్లలు పడీపడీ నవ్వారు. ఇంకో రకం మాటలూ దొరికాయి: అల్మారీ, బల్దీ, మేజా. మన అల్మారా, బాల్చీ, మేజాబల్ల లాంటివే. అవి అటూ ఇటూ పోర్చుగీసు వాళ్లు వదిలిపెట్టి వెళ్లిన మాటలు.

అన్నిటికంటే పెద్ద పాయింట్లు తెచ్చిన మాట గుడాంగ్. సరుకు దాచే కొట్టు. ఇంగ్లీషువాళ్లు దాన్నే గోడౌన్ చేశారు. ఆ గుడాంగ్ ఎక్కడి నుంచి వచ్చిందంటే, పండితులు తెలుగు గిడ్డంగినో తమిళ కిడంగునో చూపిస్తారు. అంటే మనం ఇంగ్లీషు అనుకుని "గోడౌన్‌లో ఉంది" అంటున్న మాట, మన తీరం నుంచే ఓడెక్కి వెళ్లి, వేషం మార్చుకుని తిరిగొచ్చి ఉండొచ్చు. నేను ఇంగ్లీషు మీడియం టీచర్‌ని. పిల్లలు క్లాసులో తెలుగు మాట్లాడితే సరిచేయడం నా డ్యూటీలో భాగం. గిడ్డంగి అనే మాటను బోర్డు మీద తెలుగులో రాసిన రోజు మాత్రం ఎవరినీ సరిచేయలేదు.

ఆఖరి ముప్పై నిమిషాలు జోంకర్ స్ట్రీట్‌కు ఇచ్చాం. అక్కడ చెండోల్ తప్పకుండా తినండి: తురిమిన ఐసు, కొబ్బరిపాలు, ఆకుపచ్చ సేమ్యాలాంటి పిండి ముక్కలు, పైన గులా మెలక అనే నల్లబెల్లం. మన తాటిబెల్లం తిన్నవాళ్లకు ఆ రుచి కొత్తగా ఉండదు. మీరు కుటుంబంతో వెళ్తే ఒక రాత్రి ఉండేలా చూసుకోండి, వారాంతంలో అయితే రాత్రి బజారు ఉంటుంది. భూమధ్యరేఖకు దగ్గర ఊరు, డిసెంబరులో కూడా ఉక్కపోత. కొండ ఉదయమే ఎక్కేయండి. పిల్లల చేతికి ఫోను బదులు ఒక నోట్‌బుక్కూ పెన్సిలూ ఇవ్వండి. తిరిగొచ్చాక "ఎంజాయ్ చేశావా?" అని కాకుండా "నీకు అర్థంకానిది ఏదైనా చూశావా?" అని అడిగి చూడండి. మొదటి దానికి జవాబు ఒక్క ముక్క. రెండోదానికి మా పిల్లలు కొందరు ఇంకా చెబుతూనే ఉన్నారు.

టూర్‌కు రాని వాళ్లు

మలక్కా చరిత్రలో ఇంకో తేదీ ఉంది, 1824 మార్చి 17. ఆ రోజు లండన్‌లో బ్రిటిష్, డచ్ ప్రభుత్వాలు ఒక ఒప్పందం రాసుకున్నాయి. డచ్ వాళ్లు మలక్కాను బ్రిటిష్ వాళ్లకిచ్చి, సుమత్రాలోని బెన్‌కూలెన్‌ను తీసుకున్నారు. అదే కాగితంతో భారతదేశంలో తమకున్న స్థావరాలన్నీ కూడా ఇచ్చేశారు. వాటిలో భీమునిపట్నం ఉంది. అసలు డచ్ వాళ్లు మలక్కా కంటే ముందు మన దగ్గరికే వచ్చారు. 1605 ప్రాంతానికే మచిలీపట్నంలో దిగారు, మన నేతగుడ్డల కోసం. మసాలా దీవుల్లో లవంగాలూ జాజికాయలూ కొనాలంటే అక్కడివాళ్లు అడిగేది కోరమాండల్ గుడ్డే. ఇక్కడ నేసిన గుడ్డ లేకపోతే అక్కడ వాళ్ల వ్యాపారం నడిచేది కాదు.

ఇది క్లాసు మొత్తానికి చెప్పిన పాఠం. సంక్రాంతి సెలవులయ్యాక, టూర్‌కు రాలేకపోయిన ఒక ఎనిమిదో తరగతి అబ్బాయి నా దగ్గరికొచ్చాడు. టూర్ పేర్ల జాబితా చదివిన రోజు తల దించుకుని కూర్చున్న పిల్లాడు. తగరపువలసలో అమ్మమ్మగారి ఇంటికి వెళ్లాడట. అక్కడి నుంచి మామయ్య బండి మీద భీమిలి వెళ్లి, సముద్రం దగ్గరున్న డచ్ సమాధుల తోట చూసొచ్చాడు. ఫోన్‌లో ఫొటోలు ఉన్నా, నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో బొమ్మలే గీసుకొచ్చాడు, కొండ మీద మేం గీసినట్టే. కోసుగా పైకి లేచిన సమాధులు, మీద అక్షరాలు, కింద వాడి చేతిరాతలో లెక్కకట్టిన వయసులు.

"మేడమ్, మలక్కాలో వయసు లెక్క చూసిన అమ్మాయి ఎవరు? తన రాయిదీ నా రాయిదీ సంవత్సరాలు పోల్చాలి" అన్నాడు. ఇద్దరినీ కూర్చోబెట్టాను. లంచ్ బెల్ కొట్టినా లేవలేదు.

ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన, మధ్యలో బంగాళాఖాతం పటంతో, ఎనిమిదో తరగతి కారిడార్‌లో డిస్‌ప్లే బోర్డు మీద పెట్టాం. వచ్చే పీటీఎంకి వచ్చినప్పుడు ఒక్కసారి ఆగి చూడండి. వివరాలు అడిగితే చెప్పడానికి వాళ్లిద్దరూ అక్కడే ఉంటారు.